నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్న కారు: ఈసీఎం మార్చమంటున్నారు, తప్పు నిజంగా దానిదేనా?

బుడమేరు వాసి, విజయవాడ
8 జూన్ 2025

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2014 నాటి డీజిల్ కారు ఉంది, ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. గత ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధిలో నిలిపి ఉన్న ఈ బండి హెడ్‌లైట్ల దాకా నీళ్లలో మూడు రోజులు ఉండిపోయింది. వరద తీశాక సీట్లు, కార్పెట్లు విప్పించి ఎండబెట్టించాను, ఆయిళ్లు, ఫిల్టర్లు మార్పించాను. ఆ తరువాత ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

మే నెల మొదటి వారం నుంచి కొత్త బాధ మొదలైంది. మధ్యాహ్నం ఎండలో అరగంటో ముప్పావుగంటో నడిపాక ఇంజిను ఉన్నపళంగా ఆగిపోతోంది. ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మిగతా లైట్లన్నీ వెలుగుతాయి గాని చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలగదు. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజిను అందుకోదు. ముప్పై నలభై నిమిషాలు చల్లబడ్డాక ఏమీ జరగనట్టే స్టార్టు అవుతుంది.

ఒక సర్వీసు సెంటరులో చూపిస్తే తప్పుల కోడ్లు చదివే స్కానరు పెట్టి, పది నిమిషాల్లో ఈసీఎం (ఇంజినును నడిపించే కంప్యూటరు) పోయిందని తేల్చి, ప్రోగ్రామింగుతో కలిపి 52,000 రూపాయలకు అంచనా రాసిచ్చారు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ 9,000కు పాత ఈసీఎం తెచ్చి వేస్తానంటున్నాడు. రెండింట్లో ఏది ఎంచుకోవాలన్న దానికంటే, తప్పు ఈసీఎందేనని నాకు నేను రుజువు చేసుకోవడం ఎలాగో తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. నా దగ్గర మామూలు మల్టీమీటరు, చిన్న స్కానరు ఉన్నాయి.

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ
8 జూన్ 2025

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఈసీఎం పోయిందని చెప్పి నా దగ్గరికి పంపిన బండ్లలో ఎక్కువ వాటిలో తప్పు ఈసీఎంలో కాక దానికి వెళ్లే వైర్లలోనే దొరికింది. అందుకే మీరు అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న అంటాను.

మీరు రాసిన గుర్తుల్లో అన్నిటికంటే విలువైనది చెక్ ఇంజిన్ లైటు వెలగకపోవడం. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఆ లైటు వెలిగిందంటే ఈసీఎం మేలుకుందని అర్థం. వెలగలేదంటే ఈసీఎంకు కరెంటు గాని ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) గాని అందడం లేదు, లేదా అన్నీ అందుతున్నా అది లోపల చచ్చి ఉంది. ఈ రెండింటినీ వేరు చేయాలంటే బండి ఆగిపోయిన ఆ అరగంటలోనే కొలవాలి. చల్లబడి స్టార్టు అయ్యాక ఏది కొలిచినా సరిగ్గానే కనబడుతుంది.

ఈసీఎంకు కరెంటు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా ఎప్పుడూ ఉండేది, రెండోది ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చేది, మూడోది మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) గుండా వచ్చేది. ఆ మెయిన్ రిలేను లాగేది కూడా ఈసీఎమే కాబట్టి మొదటి రెండూ ఉన్నాయో లేవో చూశాకనే రిలే జోలికి వెళ్లాలి. వీటిని మల్టీమీటరుతో చూసి 12 వోల్టులు ఉన్నాయని సరిపెట్టుకోవద్దు. లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. 21 వాట్ల బల్బు ఒకటి హోల్డరుతో సహా తీసుకుని, రెండు వైర్లు కట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఈసీఎం కప్లరు (వైర్లన్నీ వచ్చి తగిలే ప్లగ్గు)లోని కరెంటు పిన్నుకు పెట్టండి. బల్బు తెల్లగా, నిండుగా వెలగాలి. ఎర్రగా మిణుకుమిణుకుమంటే ఆ దారిలో రోగం ఉంది. కప్లరు ఊడదీసి చూసేటప్పుడు ప్రోబును పిన్ను రంధ్రంలోకి గుచ్చకండి. రంధ్రం వెడల్పయితే ఇప్పుడు లేని రోగం మీరే తెచ్చినట్టవుతుంది. వెనుక నుంచి, వైరు పక్కగా సన్నని సూదితో అందుకోవాలి.

ఎర్త్‌కు మాత్రం వోల్టేజి డ్రాప్, అంటే ఆ దారిలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ స్తంభం మీదే పెట్టి, టెర్మినల్ మీద కాకుండా, ఎర్ర ప్రోబు ఈసీఎం ఎర్త్ పిన్ను మీద పెట్టండి. కప్లరు ఈసీఎంకు తగిలించే ఉండాలి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. 0.1 వోల్టు దాటకూడదు. సెల్ఫ్ కొడుతూ కూడా ఒకసారి చూడండి.

వరంగల్ డీజిల్
9 జూన్ 2025

వైరింగ్ అన్నగారి మాటకు ఒక చేర్పు. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టు అవడం అనగానే మాలో చాలామంది క్రాంక్ సెన్సరు (ఇంజిను తిరగడాన్ని ఈసీఎంకు చెప్పేది) మార్చేస్తాం. క్రాంక్ సెన్సరు లోపలి చుట్ట వేడికి తెగినా సరిగ్గా ఇలాగే ఆగుతుంది. అయితే అప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానరు ఈసీఎంతో మాట్లాడుతుంది, పీ0335 లాంటి కోడు దొరుకుతుంది. మీ బండిలో లైటే లేదు కాబట్టి సెన్సరు కొనడానికి తొందరపడవద్దు.

ఇంకొకటి ఎప్పుడూ మరవకూడనిది 5 వోల్టుల లైను. ఈసీఎం తన లోపల 5 వోల్టులు తయారుచేసి రైల్ ప్రెషర్ (డీజిల్ ఒత్తిడి) సెన్సరుకు, మ్యాప్ (ఇంజినులోకి వెళ్లే గాలి ఒత్తిడి) సెన్సరుకు, యాక్సిలరేటర్ పెడల్‌కు పంపుతుంది. వీటిలో ఏ ఒక్క సెన్సరు లోపల షార్ట్ అయినా ఆ లైను కుప్పకూలుతుంది. కొన్ని బండ్లలో ఈసీఎం మొత్తం మూగబోతుంది. చూసేవాడికి ఈసీఎం చచ్చినట్టే కనబడుతుంది. సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోండి. ఏది ఊడదీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ. అన్నీ ఊడదీసినా రాకపోతే అప్పుడు ఈసీఎం వైపు చూడాలి. నేను ఒకసారి రెండు రోజులు ఈసీఎం మీద పడి, చివరికి 2,000 రూపాయల రైల్ సెన్సరు మార్చి బండి పంపాను.

బుడమేరు వాసి
13 జూన్ 2025

ఇద్దరికీ ధన్యవాదాలు. వైరింగ్ డయాగ్రాము సంపాదించి, పిన్నుల నంబర్లు కాగితం మీద రాసుకుని, బల్బు కట్టి డిక్కీలో పెట్టుకుని తిరిగాను. నిన్న మధ్యాహ్నం ఏలూరు రోడ్డులో బండి ఆగింది. కరెంటు పిన్నులు మూడింటి మీదా బల్బు నిండుగా వెలిగింది. ఎర్త్ మీద మాత్రం ఇగ్నిషన్ ఆన్‌లో 0.31, సెల్ఫ్ కొడుతుండగా 0.74 వోల్టులు కనిపించాయి.

ఆ ఎర్త్ వైరు బ్యాటరీ ట్రే కిందికి వెళ్లి బాడీకి బోల్టుతో బిగించి ఉంది. ఇవాళ ఉదయం ట్రే తీసి చూశాను. పైకి బోల్టు శుభ్రంగానే ఉంది. టేపు ఒలిచేసరికి కన్ను (బోల్టు దూరే రింగు) దగ్గర వైరు ఉబ్బి ఉంది. తొడుగు చీల్చగానే పచ్చని పొడి చేతిలో రాలింది. రాగి తీగలు చిలుముకు తినబడి, వేలితో వంచితే అగ్గిపుల్లల్లా విరిగిపోయాయి. మెరిసే రాగి కనబడేదాకా కోసుకుంటూ పోతే జానెడు వైరు తీసేయాల్సి వచ్చింది. కొత్త వైరు అతికి, కొత్త కన్ను వేసి, బాడీ మీద పెయింటు గీకి బిగించాక 0.03కు దిగింది.

రోగం దొరికిందనే అనుకుంటున్నాను. 52,000 ఖర్చు తప్పించినందుకు మీ ఇద్దరికీ రుణపడి ఉంటాను.

ఆటోనగర్ వైరింగ్
13 జూన్ 2025

మంచి పని చేశారు. అయితే పది రోజులు ఎండలో తిప్పాకనే రోగం పోయిందని రాయండి. వరద నీటికి ఒక గుణం ఉంది. తొడుగు లోపల, పోగుల సందుల్లో ఒత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కుతూ, నెలల తరబడి మెల్లగా కప్లరు దాకా పోతుంది. ఎర్త్ కన్ను దగ్గర ఇంత చిలుము ఉందంటే ఆ దారి పైకి ఎంతవరకు పాకిందో చూడాలి. ఈసీఎం కప్లర్లు రెండూ ఊడదీసి, టార్చి వేసి పిన్నుల మొదళ్లలో పచ్చదనం గాని తెల్లని పొర గాని ఉందేమో చూడండి. ఊడదీసే ముందు తాళం తీసి కనీసం రెండు నిమిషాలు ఆగండి. తాళం తీశాక కూడా ఈసీఎం కొంతసేపు మెలకువగా ఉండి తన లెక్కలు రాసుకుంటుంది.

బుడమేరు వాసి
20 జూన్ 2025

మీరు హెచ్చరించినట్టే జరిగింది. ఆరు రోజులు బాగానే నడిచి, నిన్న రెండు గంటలకు బెంజి సర్కిల్ ఫ్లైఓవరు మీద ఆగింది. వెనుక లారీ రావడంతో చాలా భయపడ్డాను. పక్కకు తోయించాక ఈసారి అన్నీ వరుసగా చూశాను.

మూడు కరెంటు పిన్నుల మీద బల్బు నిండుగా వెలిగింది. ఎర్త్ 0.04 ఉంది. 5 వోల్టుల లైను మీద సున్నా. రైల్ సెన్సరు, మ్యాప్, పెడల్, క్యామ్ సెన్సరు అన్నీ ఊడదీశాను, అప్పటికీ సున్నాయే. స్కానరు ఏబీఎస్ (బ్రేకుల మాడ్యూలు)తో మాట్లాడింది, అక్కడ యూ0100 కోడు ఉంది, ఈసీఎంతో మాట్లాడలేదు. బ్యాటరీ టెర్మినల్ తీసి, స్కానరు సాకెట్టులో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు వచ్చింది. బాడీ వైపు కప్లరులో మూడు పిన్నుల మొదట్లో పచ్చని మరకలు కనబడ్డాయి.

హైదరాబాద్ బెంచ్
20 జూన్ 2025

నేను ఈసీఎంల మరమ్మతు, డేటా పనులు చేస్తాను. ఇంతవరకు చదువుతూ ఆగాను, ఎందుకంటే మీ దగ్గర రుజువు లేదు. ఇప్పుడు ఉంది. కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, బయటి భారం మొత్తం తీసేసినా 5 వోల్టులు పుట్టడం లేదు. మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనుకు రెండు కొనలా 120 ఓమ్‌ల చొప్పున ఉండే రెసిస్టర్లు రెండూ కలిసి 60 చూపిస్తున్నాయి కాబట్టి లైను కూడా తెగలేదు. యూ0100 అంటే ఇంజిను మాడ్యూలు మాట వినబడడం లేదని ఏబీఎస్ చేస్తున్న ఫిర్యాదు. ఆ కోడు ఒక్కటే చూసి ఈసీఎం మార్చడం తప్పు. ఇవన్నీ చూశాక మాత్రం తప్పు కాదు.

చివరి రుజువు బల్ల మీద దొరుకుతుంది. ఈసీఎం విప్పి, కరెంటు పరిమితి పెట్టుకోగల సప్లై మీద నడిపిస్తూ, స్కానరుతో మాట్లాడిస్తూ, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేయాలి. ఏ వేడి దగ్గర మాట ఆగిపోయిందో, చల్లారాక మళ్లీ ఎప్పుడు మొదలైందో చూస్తే వాదనకు తావుండదు. తెచ్చివ్వగలిగితే మీ ఎదుటే చేసి చూపిస్తాను.

బందరు సభ్యుడు
21 జూన్ 2025

మధ్యలో మాట్లాడుతున్నందుకు మన్నించండి. ఆటోనగర్ మెకానిక్ చెప్పినట్టు 9,000కు పాతది వేయించి, ఇమ్మొబిలైజర్ తీసేయిస్తే పని అయిపోతుంది గదా. మా బంధువు అలాగే చేయించాడు.

హైదరాబాద్ బెంచ్
21 జూన్ 2025

అయిపోతుంది గాని అలా చేయవద్దని గట్టిగా చెబుతాను. తాళం చెవిలోని చిప్పును గుర్తుపట్టాకనే ఇంజినును నడవనిచ్చే కాపలా అది. దాన్ని తీసేసిన బండిని ఎవరైనా మామూలు తాళంతో, ఏ చిప్పూ లేకుండా తోలుకుపోగలరు. నేను ఆ పని ఒప్పుకోను.

పాత ఈసీఎంను ఊరికే తగిలిస్తే స్టార్టు కాకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక్కో ఈసీఎం తన బండి ఇమ్మొబిలైజరుతో జతకట్టి ఉంటుంది. దాని లోపల ఆ జత కోడు, చాసిస్ నంబరు, డీజిల్ బండి అయితే నాలుగు ఇంజెక్టర్ల కోడ్లు రాసి ఉంటాయి. ఇంజెక్టరు తల మీద చెక్కిన ఆ అక్షరాలు, అంకెలు ఏ ఇంజెక్టరు ఎంత డీజిల్ కొడుతుందో చెప్పే దిద్దుబాటు లెక్కలు. ఇంకొకరి బండి లెక్కలతో మీ ఇంజిను నడిస్తే ఐడిల్‌లో వణుకుతుంది, పొగ వస్తుంది. అందుకని హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ మీదానితో కలిసే పాత ఈసీఎం వెతికి, మీ ఈసీఎం చల్లగా ఉండి మాట్లాడుతున్నప్పుడే దాని డేటా మొత్తం చదివి, అందులోకి ఎక్కించాలి. ఇందులో ఆలస్యం చేయకండి. ఈ రోజు వేడికి ఆగి చల్లారాక లేస్తున్నది రేపు అసలు లేవకపోవచ్చు. అప్పుడు చదవడానికి డేటా దొరకదు, కొత్తది కొని అన్నీ మొదటి నుంచి రాయించుకోవాలి.

బిల్లు లేని పాతదాన్ని మాత్రం కొనకండి. ప్రమాదానికి గురై తుక్కుకు పోయిన బండిదని కాగితం ఉన్నదే తీసుకోండి.

డాలస్ తెలుగు
22 జూన్ 2025

ఇక్కడ అమెరికాలో ఉన్న మన వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడి కాలుష్య చట్టం ప్రకారం కార్లలో ఈసీఎంకు, క్యాటలిటిక్ కన్వర్టరుకు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు, ఏది ముందైతే అంతవరకు, తయారీదారు వారంటీ ఇవ్వాలి. కారుకు మామూలు వారంటీ అయిపోయిందని చాలామంది చేతి డబ్బు పెట్టుకుంటున్నారు. డబ్బు కట్టే ముందు వారంటీ పుస్తకంలో కాలుష్య నియంత్రణ భాగాల పేజీ చూసుకోండి.

వరంగల్ డీజిల్
22 జూన్ 2025

బెంచ్ గారిని ఒకటి అడగాలి. బోర్డు మీద చిలుము శుభ్రం చేసి, మళ్లీ సోల్డరింగ్ పెట్టి అదే ఈసీఎంను వాడుకోవచ్చు కదా?

హైదరాబాద్ బెంచ్
22 జూన్ 2025

ఒక కెపాసిటరు ఉబ్బడం, ఒక డ్రైవర్ ట్రాన్సిస్టరు కాలడం లాంటి రోగమైతే నిస్సంకోచంగా మరమ్మతు చేసి గ్యారంటీ ఇస్తాను. వరద నీళ్లు దిగిన బోర్డుకు ఇవ్వను. బోర్డు పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొర నుంచి ఇంకో పొరకు వెళ్లే సన్నని రంధ్రాల్లోకి చిలుము దిగితే పైన ఎంత కడిగినా లోపల తినడం ఆగదు. రోడ్డు మధ్యలో ఇంజిను ఆగే బండికి అలాంటి మరమ్మతు చేసి పంపడానికి నా మనసు ఒప్పదు.

బుడమేరు వాసి
2 జులై 2025

పని పూర్తయింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. 24న ఈసీఎం విప్పి, బస్సులో హైదరాబాదు తీసుకువెళ్లాను. బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు డేటా చదివి రెండు కాపీలు దాచారు. తరువాత డ్రయ్యరు పెట్టారు. ఆరో నిమిషంలో మాట ఆగింది, సప్లై మీద ఆంపియర్ల అంకె ఒక్కసారిగా పడిపోయింది. పావుగంట చల్లార్చాక తిరిగి లేచింది. మూడుసార్లు అలాగే జరిగింది. మూత తెరిస్తే కప్లరు పిన్నుల నుంచి బోర్డు మీదికి గోళ్ల వెడల్పు మేర తెల్లని, పచ్చని పొర పాకి ఉంది. 5 వోల్టులు తయారుచేసే చిప్పు కాళ్లలో రెండు నల్లబడి, భూతద్దంలో చూస్తే ఒక కాలి చుట్టూ వెంట్రుక మందాన పగులు కనబడింది.

రెండు నంబర్లూ కలిసే పాత ఈసీఎం బిల్లుతో 8,500కు దొరికింది. డేటా ఎక్కించడానికి 5,000 తీసుకున్నారు. వచ్చాక దాన్ని బిగించే ముందు ఆటోనగర్ వైరింగ్ గారి దగ్గరికి వెళ్లి, చిలుము పట్టిన మూడు పిన్నులను వైర్లతో సహా కోసి కొత్తవి వేయించాను. వాటిని అలాగే వదిలితే కొత్తదానికీ అదే గతి పడుతుందని ఆయన ముందే చెప్పారు. ఆ పనికి 1,800 అయింది.

తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఇమ్మొబిలైజరు లైటు ఆరింది, రెండో సెల్ఫ్‌కు ఇంజిను అందుకుంది. స్కానరులో నాలుగు ఇంజెక్టర్ల కోడ్లు చదివి, ఇంజెక్టర్ల తలల మీద ఉన్న అక్షరాలతో పోల్చి చూశాం. మూడు కలిశాయి. రెండో సిలిండరుది కలవలేదు. ఎప్పుడో ఆ ఇంజెక్టరు మార్చినవారు కోడు రాయకుండా వదిలేశారు. ఇప్పుడు రాయించాక ఐడిల్‌లో రెండేళ్లుగా ఉన్న చిన్న వణుకు కూడా పోయింది. గత వారం నుంచి రోజూ మధ్యాహ్నమే కావాలని నడుపుతున్నాను. ఇంతవరకు ఆగలేదు.

ఆటోనగర్ వైరింగ్
2 జులై 2025

సంతోషం. వర్షాలు మొదలవుతున్నాయి కాబట్టి ఇంజిను కడిగించేటప్పుడు ప్రెషర్ నీళ్లు ఆ కప్లరు మీద పడనివ్వకండి. బాడీకి ఎక్కడైనా వెల్డింగు చేయించాల్సి వస్తే బ్యాటరీ తీసి, ఈసీఎం కప్లర్లు ఊడదీశాకనే చేయమనండి. ఆల్టర్నేటరు ఛార్జింగు కూడా ఒకసారి చూడండి. ఇంజిను నడుస్తుండగా 13.5 నుంచి 14.7 వోల్టుల మధ్య ఉండాలి, 15 దాటితే రెగ్యులేటరు మార్పించండి.

బందరు సభ్యుడు
3 జులై 2025

ఈ చర్చ మొత్తం చదివాక మా బంధువు బండికి ఇమ్మొబిలైజరు తిరిగి పెట్టించే ఏర్పాటు చేస్తున్నాను. మీరు డిక్కీలో పెట్టుకున్న బల్బు ఏ రకందో చెప్పగలరా? ఒకటి నేనూ కట్టుకుంటాను.

బుడమేరు వాసి
3 జులై 2025

వెనుక ఇండికేటరుకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు, హోల్డరుతో సహా. రెండు మీటర్ల వైరు, కొనలకు రెండు క్లిప్పులు చాలు. కరెంటు వైపు వైరులో ఒక చిన్న ఫ్యూజు కూడా పెట్టుకోండి.